పిడికిలి

కరీం బాషా చేతులు మాట్లాడతాయి. ఓడ అంచున నిలబడి, ఓడ కడుపులోని అరలోకి దిగే సరుకును చూస్తూ, దాన్ని ఎత్తి దించే వించి యంత్రం నడిపేవాడికి సైగ చేయడం అతని పని. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తాలి, అరచేయి కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. చమురు ధర పెరిగి, దేశదేశాల్లో ఉక్కు కొలుములు చల్లబడి, విశాఖ రేవుకు ఓడలు తగ్గాక ఆ పని పోయింది. అయినా హోటల్లో టీ పోసేవాడికి అరచేయి ఊపుతాడు, చాలనుకుంటే పిడికిలి బిగిస్తాడు. ఒకప్పుడు అతని సైగ మీద వించి నడిపిన వరహాలు ఇప్పుడు పూర్ణా మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. “ఓడ నేదు, వించి నేదు. ఎవడికి సూపిత్తన్నావు బావా ఆ సైగలు?” అంటాడు. “సేతికి ఇంకా కబురు అందనేదు బావా,” అంటాడు కరీం.

రేవు కాలువలో కొలంబో ఓడ ఒకటి సరుకు లేక నెలల తరబడి కట్టేసి ఉంది. అది కదిలితే తనకు పిలుపు వస్తుందని కరీం ఆశ. రోజూ సాయంత్రం ఒంటరిగా గట్టున నిలబడి వేలెత్తి తిప్పుతాడు: ఓడ కదులుతుందా? ఓడ మీది కాపలా మనిషి పిడికిలి చూపుతాడు: లేదు. ఒకరి భాష ఒకరికి రాదు. వారి పరిచయం అంతే. ఒకనాడు ఆ మనిషి భుజాన సంచితో ఓడ దిగి గట్టు మీద కనిపించాడు. అతన్నీ పనిలోంచి తీసేశారు. ఈసారి అతనే ముందుగా వేలెత్తి తిప్పి, ఊరివైపు చూపించాడు: అక్కడ పని దొరుకుతుందా? ఏనాడూ సైగ ఆలస్యం చేయని కరీం చేయి గుండె దగ్గరే ఆగిపోయింది. తర్వాత మెల్లగా పైకి లేచి పిడికిలి బిగించింది. ఆ మనిషి చీకట్లో కలిసిపోయేదాకా అది విడలేదు.