ఒంటికన్ను చేపపిల్లలు

మొన్న పన్నునొప్పితో నెల్లూరులో డాక్టరు గారి దగ్గరికి వెళితే, రోగులు కూర్చునే చోట గాజుతొట్టిలో నీలిచారల చిన్న చేపలు తిరుగుతున్నాయి. పక్కనున్నావిడ మనవడికి వాటిని చూపించి మురిసిపోతుంటే నేను మాత్రం కుర్చీ మార్చుకుని వాటికి వీపు పెట్టి కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా వాటిని చూడలేను.

పెళ్ళయిన కొత్తలో ఇందుకూరుపేట నుంచి బస్సులో నెల్లూరు వచ్చి, ఒక కాలేజీలో జంతుశాస్త్రం మేడమ్ గారి పరిశోధనకు సహాయకురాలిగా పనిచేసేదాన్ని. మా ఇళ్ళల్లో చేపంటే వల, గంప, పులుసు; అక్కడ మాత్రం పొద్దున్నే లైటు వెయ్యగానే ఆ చారల చేపలు పెట్టే గుడ్లను ఏరి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం నా పని. ఒక్క రోజులో ఆ గుడ్డులో వెన్ను, కళ్ళు, తోక కండరాలు అమరిపోవడం చూస్తూ అన్నం సంగతే మరిచిపోయేదాన్ని. ఒక కణం పక్క కణానికి కబురు పంపుతుందనీ, అది అందిన చోట కండరం కుదురుకుంటుందనీ, తలలో ఒకే ముద్దగా మొదలైన కన్ను కూడా అలాంటి కబురుతోనే రెండుగా విడిపోతుందనీ మేడమ్ గారు ఓపిగ్గా చెప్పేవారు. ఆ కబురును ఆపే మందొకటి తెప్పించి, కొన్ని గుడ్లున్న నీళ్ళలో కలపమన్నారు.

మర్నాడు చూస్తే వాటిలోని పిల్లలకు తోక సరిగా ఆడలేదు, మొహం మధ్యలో ఒక్కటే కన్ను. అప్పటికి నాకు రెండో నెల, పైగా ముందురోజు మందు కలుపుతుంటే చేతితొడుగు చిరిగి చర్మం మీద ఒలికింది.

నా కడుపు సంగతి మేడమ్ గారికి తెలియదు. "మూడు నెల్లు నిండేదాకా ఎవురికీ చెప్పబాకమ్మా, దిష్టి తగులుద్ది" అని మా అత్తగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ మందు పనిచేసేది చేపల మీదేనా అని ఊరికే అడిగినట్టు అడిగితే, ఎక్కడో పరాయిదేశపు కొండల్లో ఒక మొక్క మేసిన చూడి గొర్రెలు ఒంటికన్ను పిల్లల్ని ఈనాయనీ, ఆ మొక్కలోదే ఈ మందనీ మేడమ్ గారు ఉత్సాహంగా చెప్పుకుపోయారు. నేను విన్నాను, ఇంటికెళ్ళి వాంతి చేసుకున్నాను, మర్నాడు రెండేసి తొడుగులు వేసుకుని మళ్ళీ అదే మందు కలిపాను. ఒట్టు తప్పడానికీ భయమే, తప్పకపోవడానికీ భయమే.

మూడు నెలలు నిండాక మేడమ్ గారికి చెబితే ఆవిడ మొహం పాలిపోయింది.

"ఆ ఒక్క మాట నాకు ముందే చెప్పకూడదా అమ్మా?"

ఆ రోజు నుంచి నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. అంత కొంచెం ఒలికితే ఏమీ కాదేమోలే అన్నారు గానీ, ఆ 'ఏమో' దగ్గరే నాకు ఆరు నెలలు గడిచాయి. స్కానింగులో డాక్టరమ్మ అంతా బాగుందన్నా, పక్కన అత్తగారుండగా కళ్ళ మాట అడగలేకపోయాను. అయిదో నెలలో బిడ్డ తన్నితే అత్తగారు సంబరపడ్డారు. నాకు మాత్రం కండరాలు బాగున్నాయని తెలిసింది, అంతే. కన్ను తన్నదు కదా.

కాన్పయ్యాక కళ్ళెన్ని అని అడిగితే నర్సమ్మ నవ్వింది. మూసుకున్న రెప్పలను నా వేలితో ఒక్కొక్కటే తెరిచి చూసుకుని, రెండూ ఉన్నాయని భోరున ఏడ్చాను. ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తున్నాననుకుని మా అత్తగారు నన్ను ఓదార్చారు. ఆవిడ పోయేదాకా అసలు సంగతి చెప్పనేలేదు.

ఇప్పటి అమ్మాయిలు నెల తప్పగానే ముందు ఆఫీసులో చెప్పి తేలికపాటి పని మార్పించుకుంటున్నారు. అదే మంచి పద్ధతని నేనే నలుగురికీ చెబుతుంటాను. పోయిన వారం మా అమ్మాయి వచ్చి, తనకు రెండో నెల అనీ, ఆఫీసులో అందరికీ చెప్పేశాననీ అంది. కడుపుతో ఉండి చెప్పకపోతే ఎంత నరకమో నాకు తెలిసినంతగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అప్పుడే ఎందుకు చెప్పావే?"