గోడలు తట్టే పెద్దాయన

ఎవరింట్లో అడుగుపెట్టినా ఆయన ముందు గోడనే పలకరించేవాడు. పుచ్చకాయ కొనేవాళ్లు తట్టి చూసినట్టు వేళ్లతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

ఇల్లినాయిలో మొక్కజొన్న చేల మధ్య మేం పాత ఇల్లు కొనుక్కున్నప్పుడు పక్క పొలం ఈ అమెరికన్ పెద్దాయనదే. గృహప్రవేశానికి పిలిస్తే వచ్చి, పులిహోర ప్లేటు పక్కన పెట్టేసి, గోడలన్నీ తట్టుకుంటూ మా కిచెన్‌లో ఆగిపోయాడు.

"దీని లోపల ఇంకో ఇల్లుంది," అన్నాడు. ఈ కౌంటీకి మొదట వచ్చినవాళ్లు దుంగలతో ఒంటిగది ఇళ్లు కట్టుకున్నారట. తర్వాతివాళ్లు కొందరు వాటిని పడగొట్టకుండా, పైన ప్లాస్టర్ పూసేసి చుట్టూ ఇల్లు పెంచుకున్నారట. "చిన్న చిల్లు పెట్టి చూడనా?"

నాకు ఒళ్లు మండింది. "పాలు పొంగించిన రోజే గోడ పగలగొడతారా? ఇవాళ మాత్రం కుదరదు!"

బుద్ధిగా తలూపి వెళ్లిపోయాడు. మర్నాడు మేం కాఫీ తాగకముందే సుత్తీ ఉలీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

ప్లాస్టర్ పెచ్చులుగా ఊడింది. లోపల నల్లటి ఓక్ దుంగ, గొడ్డలి గాట్లతో సహా. ఎనభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా నవ్వుతూ దానికి "హలో" చెప్పి, నా చెయ్యి పట్టుకుని దానిమీద పెట్టించాడు. ఆ గాట్లు వేళ్లకి తగలగానే నాకేం తోచిందో, గబగబా వెళ్లి కుంకుమ తెచ్చి దుంగకి బొట్టు పెట్టాను.

ఎందుకని అడుగుతాడనుకున్నాను. ఆయన టోపీ తీసేసి, తన నుదురు కూడా ముందుకు వంచాడు.