అజీజ్‌నగర్ షెడ్డులో ఎర్ర బాణం

మా మేనత్త ఎంకమ్మను దోషిలా నిలబెట్టిన ఆ తెల్లబోర్డు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అత్తది సురంగల్ ఊరు. అజీజ్‌నగర్ కోళ్ల షెడ్డులో తొమ్మిదేళ్లు గుడ్లు ఏరింది. కోడి నడక చూసి జబ్బు చెప్పేది. మాదాపూర్‌లో రోజుకో కంపెనీ లేస్తున్న రోజుల్లో మహేశ్వర్ అనే సాఫ్ట్‌వేర్ ఆయన ఆ షెడ్డు కొన్నాడు. కోడిని చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు గానీ కోళ్ల గురించి ఆయనకు తెలియనిది లేదు.

2005లో కొక్కెర తెగులు వచ్చి వందల కోళ్లు చచ్చాయి. ఆయన బోర్డు మీద మూడు గడులు గీశాడు: బాగున్న కోళ్లు, జబ్బు కోళ్లు, చచ్చినవి. గడి నుంచి గడికి బాణాలు, కింద ఒక సమీకరణం. బాగున్నవాటినీ జబ్బువాటినీ గుణించి, దాన్ని మళ్లీ అంటుకునే వేగంతో గుణిస్తే రేపెన్ని పడతాయో తెలుస్తుందట. నిజం చెప్పాలి, లెక్క దాదాపు సరిపోయింది. అదే ఆయన తలకెక్కింది.

బోర్డు గీసిన నాలుగో రోజు పక్కన ఇంకో గడి గీసి ‘ఎంకమ్మ ఇల్లు’ అని రాశాడు. అక్కణ్నుంచి షెడ్డుకు ఎర్ర బాణం.

"ఇన్ఫెక్షన్ మీ ఇంటి నాటుకోళ్ల నుంచే వచ్చింది. రేపట్నుంచి రాకు," అన్నాడు, పనివాళ్లందరి ముందు. అత్తతోపాటు అదే షెడ్డులో పనిచేస్తున్న నేనూ గుడ్ల అట్టలు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ నింద పడితే మొయినాబాద్ చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ అత్తను గేటు దాటనివ్వరు.

అత్త ఏడవలేదు. "సార్, షెడ్డుల మొదటి కోడి ఎన్నడు పడ్డదో గా లెక్క చెప్తదా?" అని అడిగింది.

ఆయన సమీకరణాన్ని వెనక్కి నడిపాడు. పన్నెండో తారీఖు వచ్చింది.

"నా కోళ్లు ఇరవైకి తూలినయి. పద్నాలుగున మెడలు వాలేసిన కోళ్లు రెండు నువ్వే నా చేతుల పెట్టి, కూర వండుకొమ్మన్నవు. ఒకటి కోసిన. ఇంకోటి బతుకుతదేమోనని నా కోళ్లల్ల ఇడిసిన. పదకొండు పోయినయి."

ఆయన డస్టర్ తీసుకుని ఎర్ర బాణాన్నీ, అత్త ఇంటినీ తుడిచేశాడు. "సరే, పనిలోకి పో," అన్నాడు.

"నా ఇల్లు మళ్ల గియ్యి సార్. బాణం షెడ్డు నుంచి నా ఇంటికి గియ్యి. అందరు సూసినంక పనిలకొస్త."

ఆయన గీయలేదు. అత్త ఆ గడప మళ్లీ తొక్కలేదు. నేనూ తొక్కలేదు.