అణియం లేచిన పడవ

నేను చేసిన పడవను మా నాన్న మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు దాని రంగు చూడలేదు, మోటార్ చూడలేదు. అరచేతి మీద నిలిపి, అది ఎటు వాలుతుందో చూసి, "అణియం తేలిగ్గా ఉందిరా. లేచిపోద్ది" అన్నాడు. అణియం అంటే పడవ ముందుభాగం. వెనుకభాగాన్ని మావాళ్లు అమరం అంటారు. ఆ రెండో మాట నాన్న నోట అప్పటికి చాలా ఏళ్లుగా రాలేదు. తప్పనిసరై చెప్పాల్సి వస్తే "వెనక" అని ఊరుకునేవాడు.

మాది సముద్రం మీద బతికిన కుటుంబం. నాన్న పడవలు కట్టేవాడు. తొంభైల మొదట్లో మా పల్లెలో ఒక్కొక్కరే ఇంజన్లు పెట్టించుకుంటుంటే, తెరచాప కోసం కట్టిన మా నావకు నాన్న కూడా ఒక డీజిల్ ఇంజన్ బిగించాడు. దాన్ని అమరం కొసన పెట్టాడు. కొన్నాళ్లకే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఎదురొచ్చిన అలకు ముక్కు పైకి లేచి నావ తిరగబడింది. తక్కినవాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చారు. మా అన్నయ్య రాలేదు.

నాన్నను ఎవరూ ఒక్క మాట అనలేదు. గంగమ్మ తల్లి తీసుకుందన్నారు, రాత అన్నారు. అమ్మయితే పోయేదాకా ఆ ఊసే ఎత్తలేదు. ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఉలి, బాడిస, పనిముట్లన్నీ ఎవరికో ఇచ్చేసి, మమ్మల్ని తీసుకుని విజయవాడ వచ్చేశాడు. వన్ టౌన్‌లో ఒక గోడౌన్‌కు కాపలా ఉండేవాడు. కృష్ణ ఒడ్డున అన్నేళ్లు ఉండి కూడా, భవానీ ద్వీపం చూసొద్దాం రమ్మంటే పడవ ఎక్కలేదు. నదికి వెళ్లినా మెట్ల మీద కూర్చుని చెంబుతో స్నానం చేసేవాడు.

నేను బెంజ్ సర్కిల్ అవతల ఒక మోటార్ వైండింగ్ షాపులో పని నేర్చుకుని, రెండువేల సంవత్సరం దాటాక సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. రిమోట్ పడవల పిచ్చి అక్కడే పట్టుకుంది. చెన్నైలో ఉండే స్నేహితుడొకడు తను వాడేసి పక్కన పెట్టిన రేడియో సెట్టు, అదే పడవను ఒడ్డు నుంచి నడిపే రిమోట్, ఇచ్చాడు. ఇక నా కాలు నిలవలేదు. డ్రిల్ మెషిన్ బ్యాటరీ సెల్స్ విప్పి ప్యాక్ కట్టుకున్నాను. మోటార్ నేనే చుట్టుకున్నాను. మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేది: "ఇంట్లో మిక్సీ కాలిపోయి రోలు ముందు కూర్చున్నానండీ. ఆయనగారేమో బొమ్మ పడవకి మోటార్ చుడుతున్నారు!" నిజమే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మొదటి పడవ నాశనమైంది. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని చూసిందే నాకు పడవంటే. అందుకని అడుగు లోతుగా, ముక్కు బరువుగా, అలను చీల్చుకుపోయేలా కట్టాను. పామర్రు దగ్గర మా బావమరిది కౌలుకు చేసే చేపల చెరువులో వదిలితే, అది ఎండకు తాళలేని గేదెలాగా ముక్కు ముంచుకుని కదిలింది. మోటార్ పొగ వచ్చేదాకా మొత్తుకుంది. "బావా, నా చేపలే నయం, ఇంతకంటే గట్టిగా పోతాయి" అన్నాడు బావమరిది. సముద్రం మీద బతికినవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. వేగంగా పోయే చిన్న పడవ నీళ్లను కొయ్యకూడదు, నీళ్లెక్కి కూర్చోవాలి. ఆ సంగతి నా బుర్రకెక్కడానికి ఒక వేసవి పట్టింది.

రెండోదాన్ని పల్చటి ప్లైవుడ్‌తో, అడుగు దాదాపు చదునుగా కట్టి, మీద ఫైబర్ పూత వేశాను. మోటార్ నుంచి నీళ్లను వెనక్కి తోసే ఫ్యాన్‌కు ఇరుసుగా స్కూటర్ స్పీడోమీటర్ కేబుల్ వాడాను. అక్కడా ఒక దెబ్బ తిన్నాను. కేబుల్‌కు తాడులాగే పురి ఉంటుంది. పురి బిగిసే వైపు తిరిగితే ఉక్కులా ఉంటుంది, విడిపోయే వైపు తిరిగితే కొబ్బరి పీచు. నాది పీచయ్యింది. మోటార్ ఎదురు దిక్కుకు తిరిగేలా మార్చి, ఇత్తడి రేకుతో ఎదురు వాలు ఫ్యాన్ కోసుకున్నాను. అన్నింటికంటే ముఖ్యమైన పని, బ్యాటరీని ముందుకూ వెనక్కీ జరుపుకునేలా లోపల రెండు పట్టాలు వేశాను. ముందుకు జరిపితే పడవ నీళ్లకు అంటుకుపోయేది. వెనక్కి జరిపే కొద్దీ ముక్కు తేలి, వేగం వచ్చేది. మరీ జరిపితే కింద గాలి దూరి పల్టీ కొట్టేది. ఆ రెంటికీ మధ్య ఒక చోటుంది. పట్టా మీద పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను.

ఆ గీత పెట్టిన రోజే నాకు నాన్న గుర్తొచ్చాడు. అప్పటిదాకా అది నా సరదా. ఆ తర్వాత కాదు. బరువు వెనక ఉంటేనే పడవ పరిగెడుతుందని ఆయన కళ్లతో ఆయన చూడాలి. అమరంలో బరువు పెట్టడం పాపమేమీ కాదని ఆయనకు ఎవరో ఒకరు చూపించాలి. పెద్దవాడైపోయాడు, ఆ బరువుతోనే పోతాడేమోనని నాకు భయంగా ఉండేది. నోటితో చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పడవ చెబుతుందిలే అనుకున్నాను.

రానంటాడనుకున్నాను, వచ్చాడు. చెరువు గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. చలికాలం ఉదయం, ఆకు కదలడం లేదు. గీత దగ్గర బ్యాటరీ బిగించి వదిలాను. పడవ ముక్కు కాస్త ఎత్తి, నీళ్ల మీద గీత గీసినట్టు పోయింది, తిరిగింది, వచ్చింది. అంతకుముందు అది అంత బాగా ఎప్పుడూ నడవలేదు. నాన్న రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"చూశావా నాన్నా, బరువంతా వెనకే ఉంది" అన్నాను.

"ఇంకా జరుపు" అన్నాడు.

"ఇంతకంటే వద్దు నాన్నా. ఇదే దాని చోటు."

"అమరం కొసకి జరపరా" అన్నాడు.

ఇన్నేళ్లకు ఆ మాట ఆయన నోట వచ్చింది. బ్యాటరీలో ఛార్జి లేదన్నాను, కేబుల్ వేడెక్కిందన్నాను. ఆయన చెయ్యి చాచి కూర్చున్నాడు, నువ్వు జరపకపోతే నేను జరుపుతానన్నట్టు. జరిపాను. కాస్త దూరం నెమ్మదిగా నడిపించి వెనక్కి తెచ్చేద్దామని చూస్తే, "పూర్తిగా వదులు" అన్నాడు. వదిలాను. పడవ ముక్కు లేచింది, ఇంకా లేచింది, తోక మీద నిలబడి వెనక్కి పడింది. బోర్లా తేలింది. ఫ్యాన్ పైన గాలిలో గిర్రున తిరుగుతోంది. నేను మోటార్ ఆపేశాను.

"అంతే" అన్నాడు నాన్న.

"అంతే కాదు నాన్నా! ఇది బొమ్మ. దీని వేగం వేరు. మన నావ ఏనాడూ ఇట్టా పరిగెత్తలేదు. ఆ రోజు అల పెద్దది, మొగలో ఎవరి పడవైనా..." నేను ఏదేదో చెబుతున్నాను. చెప్పిందంతా నిజమే. ఆయన మధ్యలోనే అందుకున్నాడు.

"వాడు చెప్పాడ్రా" అన్నాడు. "ఇంజను నడుమ పెట్టు నాన్నా, అణియం తేలిపోద్దన్నాడు. నడుమ పెడితే వలకి చోటేదిరా అన్నా. నీకేం తెల్సు, నోర్ముయ్యమన్నా."

ఇన్నేళ్లూ మేం అనుకున్నది వేరు. తెలియక చేసిన పని ఆయనను తినేస్తోందనుకున్నాం. కొడుకు తెలిసి చెప్పాడన్నది ఆయన ఒక్కడికే తెలుసు. దాన్ని ఆయన నోటితో చెప్పించడానికా నేను ఇంత పడవ కట్టింది! నా మీద నాకే అసహ్యం వేసింది.

పడవ తేవడానికి నేను ప్యాంటు మడుస్తుంటే, నాన్న లేచి పంచె ఎగ్గట్టి చెరువులోకి దిగాడు. నేను పిలిచాను, వినలేదు. మోకాళ్లు, నడుము, ఛాతీ దాకా వెళ్లాడు. పడవను బోర్లాగానే రెండు చేతుల మీదికి తీసుకుని ఒడ్డుకు తెచ్చి, అలాగే గట్టు మీద పెట్టాడు. తిప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. ఆ రోజు నావ కొట్టుకొస్తే, నలుగురు పట్టుకుని తిప్పారు. నేను అటు తిరిగి నిలబడ్డా. మీ అమ్మ అరిచింది. నేను చూళ్ళేదు."

ఆ నావ కిందే అన్నయ్య వలలో చిక్కుకుని ఉన్నాడని మాకు తెలుసు. నాన్న చూడలేదని తెలియదు.

ఆయన మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, పడవ అంచులు రెండూ పట్టుకుని, నెమ్మదిగా తిప్పాడు. పైమూత ఊడిపోయి ఉంది. వంగి లోపలికి చాలాసేపు చూశాడు. మోటార్, తీగలు, పట్టాలు, బురద నీళ్లు. నేను పక్కనే కూర్చున్నాను.

"నీళ్లేరా" అన్నాడు. "నీళ్లే ఉన్నాయి."