పలక మీద ఏరిన గోళీలు

మార్కాపురంలో సైకిళ్లు బాగుచేసే ఖాజావలికి ఒక్కటే పిచ్చి. పలక మీద దొర్లించి చూడనిదే బేరింగు గోళీ కొనడు.

పలకల గనులున్న మా ఊళ్లో పలకలకేం కరువు. ఒకటి చంకన పెట్టుకొని వినయ్ కుమార్ సైకిలు సామాన్ల అంగడికి పోతాడు. పలకకు ఒక పక్క అగ్గిపెట్టె ఎత్తుపెట్టి ఒక్కో గోళీని వదుల్తాడు. నేరుగా దిగింది జేబులోకి, పక్కకు జారింది మళ్లా డబ్బాలోకి. గోళీ ఏమో కందిగింజంత, చూపులు పూటంత. ఆ పలక కనపడితే చాలు, వినయ్ డబ్బాకు మూత పెట్టేస్తాడు.

అట్ల ఏరిన గోళీలతో ఖాజా సైకిలు కిక్కురుమనేది కాదు. చక్రం తిప్పి వదిలి, టీ తాగి వచ్చి, ఇంకా తిరుగుతాంది చూడక్కా అనేవాడు. నువ్వు తాగింది సగం గ్లాసే గదా అనేదాన్ని.

నిరుడు మా ఆయన కోటయ్యకు కిడ్నీలు చెడినాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. మూడు చక్రాల బండిలో కూర్చోబెట్టి నేనే ఆసుపత్రికి తోసుకపోయేదాన్ని. ఒకనాడు ముందు చక్రం గరగరమని బిగుసుకుంది. తెల్లారితే పోవాల. ఖాజా బజారంతా తిరిగి ఉత్త చేతుల్తో వచ్చినాడు. అన్నీ వంకరేనంట.

"ఏంది ఖాజా, గోళీలకు పెండ్లిచూపులా? ఏదో ఒకటి వెయ్యి."

"వంకరది వేస్తే నీ రెక్కలు పడిపోతాయక్కా."

నోటికొచ్చినట్ల తిట్టి వచ్చినా. పొద్దున చూస్తే బండి వాకిట్లో ఉంది. ఒంటివేలితో తోస్తే కదిలింది. మెత్తగా పోతాందే అన్నాడు మా ఆయన. జబ్బుపడినాక ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

ఆనాటి నుంచి ఖాజా సైకిలు తల్లి తప్పిన మేకపిల్ల మాదిరి అరవబట్టింది. ఏడాదంతా ఎగతాళి చేసినా. నవ్వుకుంటా తొక్కుకపోయేవాడు.

మొన్న ఉగాదికి ముందు మా ఆయన పోయినాడు. ఎవరికన్నా అక్కరకొస్తదని బండిని ఖాజా ఇంటికి తోసుకపోయినా. అతను లేడు. పెండ్లాం ఖాతూన్బీ ముందు చక్రాన్ని నిమిరింది.

"ఈ ఇరవై గోళీలు మా సైకిలువే అక్కా. తర్వాత దొరికిన మంచివి కూడా నీ వెనక చక్రాలకే పోయినాయి. చెప్పొద్దన్నాడు."

రెండో తరగతిలో బడి మానినాక నేను మళ్లా పలక చంకన పెట్టింది ఆ పొద్దే. నన్ను చూసి వినయ్ డబ్బాకు మూత పెట్టినాడు.

"మూత తియ్యి నాయనా," అన్నా. "ఇరవై ఏరుకుంటా. నాకిప్పుడు ఆసుపత్రికి టైమయ్యేది లేదు."