రాజాం మిల్లులో తెల్ల ఏనుగు

నాకు రావలసిన గుమాస్తా ఉద్యోగాన్ని ఇంగ్లీషువాళ్లు పొట్టన పెట్టుకున్నారు. అదీ వాళ్లు దేశం వదిలి ఓడెక్కిన ఎన్నో ఏళ్లకు, రాజాంలో, పట్టపగలు, నలుగురి ఎదుట. ఆ ఘోరం వినండి.

అరవైల చివర్లో సంగతి. నాయుడుగారు తమ ధాన్యం మిల్లుకు కొత్త యంత్రం తెప్పించారు. "ప్రారంభం రోజున ఇంగ్లీసులో నాలుగు ముక్కలు సదువు. బాగుంతే గుమాస్తా కుర్చీ నీదేరా" అన్నారు నాతో. నేను బడిలో ఉన్నది తక్కువ. పకోడీలు కట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపరు ముక్కలే నా కాలేజీ. అలాంటి ఒక నూనె ముక్కలో ఏదో పెద్ద భవనాన్ని 'వైట్ ఎలిఫెంట్' అన్నారు. తెల్ల ఏనుగంటే ఏమిటి? ఐరావతం. మీరైనా అంతే అనుకుంటారు, కాదనకండి.

యంత్రానికి పసుపుకుంకుమలు పెట్టి గుమ్మడికాయ కొట్టారు. నేను గొంతు సవరించుకుని, ఇది మన ఊరికి దొరికిన వైట్ ఎలిఫెంటనీ, నాయుడుగారు ఇలాంటివి ఇంకా తేవాలనీ చదివాను. ముందు వరసలో హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు తాగుతున్న సోడా ఆయన ముక్కులోంచి వచ్చింది.

"ఏటి మాస్టారూ, ఏటంతన్నాడీడు?" అన్నారు నాయుడుగారు.

మాస్టారు నావైపు జాలిగా చూసి మరీ చెప్పారు. "సయాం అని, ఇప్పటి థాయిలాండు, ఆ దేశపు రాజుకు ఎవడిమీదైనా కోపం వస్తే వాడికి తెల్ల ఏనుగును బహుమతి ఇచ్చేవాడట బాబూ. పవిత్రమైనది కనక పని చేయించకూడదు, రాజుగారిచ్చింది కనక అమ్మకూడదు. మేపలేక వాడు దివాలా. అందుకని డబ్బు తినేసి పనికిరాకుండా కూర్చునేదాన్ని ఇంగ్లీషులో అలా అంటారు."

సరిగ్గా అప్పుడే స్విచ్చి వేశారు. యంత్రం ఒకసారి దగ్గి, ఊరుకుంది.

జనం నవ్వు చీపురుపల్లి స్టేషనుదాకా వినిపించే ఉంటుంది.

నేను ఊరుకుంటానా? మర్నాటి నుంచి మిల్లు గుమ్మంలో కూర్చున్నాను. ఐరావతాన్ని గౌరవించడం చేతకాని జాతి చేసిన తప్పుకు శిక్ష నాకా? నాయుడుగారు నన్ను తవుడు బస్తాను దాటినట్టు దాటుకుని పోయేవారు. ఇకపై ఏ యంత్రాన్నీ, ఏ యజమానినీ, ఏ జంతువు పేరుతోనూ ఇంగ్లీషులో పొగడనని ఆ గుమ్మంమీదే ఒట్టు వేసుకున్నాను. నేటికీ తప్పలేదు.

ఆఖరికి ఒకనాడు ఆయన ఆగారు.

"బాబూ, తెల్ల ఏనుగు ఇంద్రుడి వాహనం. నాను మిమ్మల్ని ఇంద్రుణ్ణి సేసినాను. అందులో నా తప్పేటున్నాది?" అన్నాను.

ఆయన నోట్లోంచి చుట్ట తీసి నిదానంగా అన్నారు: "నీ తప్పేటీ నేదురా. ఏనుగు ఇంద్రుడిదే. ఎల్లి గుమాస్తా పని కూడా ఆడినే అడుగు."