చేవెళ్ల గుమ్మడికాయ

మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్‌లో విజయరాణి పెరడు చూడనివాళ్లు తక్కువ. చూడకపోతే ఆమె ఊరుకోదు కదా! ప్రార్థనకొచ్చిన ఆడవాళ్లను ఆమెన్ అనగానే పెరట్లోకి లాక్కుపోయి, అత్తగారు దాచిన గింజలతో పెంచిన గుమ్మడి తీగను చూపిస్తే గానీ చాయ్ పోయదు. ఏటా కోత పండుగకు ఆ తీగ తొలికాయ చర్చిలో బల్ల మీద ముందు వరుసలో ఉండేది. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం పాట పెడతారు. విజయరాణి కాయకు గింజల కోసమే పోటీ.

ఆ ఏడు ఆమె ఇంట్లో ప్రార్థన కూటం ఉందనగా నిమ్మచెట్టు ఆకులను పురుగులు కొరికి జల్లెడ చేశాయి. నలుగురూ చూస్తే పరువేం కాను? అవే రేపు సీతాకోకచిలుకలవుతాయని కూతురు ప్రవీణ మొత్తుకున్నా వినలేదు. షాబాద్‌లో తమ్ముడి దగ్గర మిగిలిన పత్తి మందు తెచ్చి నిమ్మకు కొట్టింది. పనిలో పనిగా పూత మీదున్న గుమ్మడి తీగకూ కొట్టింది.

తెల్లారి చూస్తే గుమ్మడి పూలలో తేనెటీగలు చచ్చి పడి ఉన్నాయి. మందు పనేనని తెలిసిపోయింది. అయినా మహాతల్లి చేసిందేమిటి? ఎవరూ చూడకముందే చీపురుతో ఊడ్చి చెత్తలో పారేసింది. కూటానికొచ్చినవాళ్లు పెరడు అద్దంలా ఉందని మెచ్చుకున్నారు.

ఆ తర్వాత పూలు పూస్తూనే ఉన్నాయి, పిందెలు మాత్రం పండుబారి రాలిపోయాయి. గోడ అవతల ఒంటరిగా ఉండే శాంతమ్మ తీగదీ అదే గతి.

"తేనెటీగలు ఎటువోయినయ్ బిడ్డా? నీకేమన్న అగుపడ్డయా?" అని ముసలామె అడిగింది.

"ముసురుకు పోయినయేమో అవ్వా," అంది విజయరాణి, మొహం తిప్పుకుని.

పండుగ వచ్చింది. ఒట్టి చేతులతో పోతే జనం ఏమనుకుంటారు? మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని చేవెళ్ల అంగడికి పోయి, అచ్చం తన తీగ కాయలాంటిదే కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. అది చూసి పాస్టర్ కృపాకర్, "చుట్టుపక్కల తీగలు కాయకున్నా మన విజయరాణమ్మ చేతిని దేవుడు దీవించిండు," అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి ఊరికే భుజం మీది కొంగు సవరించుకుంది.

పాటలో ఆ కాయను శాంతమ్మ పట్టుబట్టి పాడుకుంది.

"నా తీగెకు ఒక్క కాయ నిలువలే బిడ్డా. మీ అత్త గింజలైతే నమ్మకం. వచ్చే వానలకు నా పెరట్ల పెడ్త."

ఇంటికొచ్చాక విజయరాణి కంచం పక్కకు నెట్టేసింది. ముసలామె తీగకు కాయ లేకుండా చేసింది చాలక, అంగడి గింజను అత్త పేరు చెప్పి అంటగట్టానే అని సిగ్గుతో చచ్చిపోయింది. చివరికి శాంతమ్మ గడప తొక్కింది. ముసలామె అప్పటికే గింజలు చాటలో ఆరబోస్తోంది.

"అవ్వా, అవి మా అత్త గింజలు కావు. చేవెళ్లల కొన్న. మీ తీగె పాడైంది గూడ నా వల్లనే. నేను మందు కొడితే తేనెటీగలు సచ్చినయ్. ఊడ్చి పారేసిన."

శాంతమ్మ చాటను పక్కకు జరిపింది.

"నాకు చెప్తే ఏమొస్తది? కాయ యాడ పెట్టినవో ఆడనే చెప్పు."

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ విజయరాణి లేచింది. జ్వరం తగ్గినవాళ్లు, కొలువు దొరికినవాళ్లు దేవుడి మేలు చెప్పుకునే చోట తన మాట చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.

మళ్లీ పెరట్లో మందు ముట్టలేదు. బంతి, తులసి వేసింది. పళ్లెంలో గులకరాళ్లు పరిచి తేనెటీగలు తాగేందుకు నీళ్లు పోసింది. నిమ్మాకును పురుగులకే వదిలేసింది. మరుసటి వానల తర్వాత గోడకు రెండు వైపులా గుమ్మళ్లు కాశాయి. కానీ తొలికాయ పట్టుకుని చర్చికి పోవడానికి మొహం చెల్లక, శాంతమ్మ దగ్గరికి తెచ్చింది.

"అవ్వా, మీ కానుకతో పాటు దీన్ని గూడ మీరే తీస్కపోండ్రి. నేను రాలేను."

"నీ తీగె కాయ నాదని ఎట్ల పెడ్త బిడ్డా? పోయినేడు నువ్వు చేసింది గదే గద!"

విజయరాణి కాయను భుజానికెత్తుకుని, తల వంచుకుని, శాంతమ్మ వెనకాలే చర్చికి నడిచింది.